యంత్రం ఎప్పుడు మాట్లాడాలి? ఎంత గట్టిగా మాట్లాడాలి?

మస్కట్ నగరంలో రువి ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న హమ్రియాలో ఏ ఇంటిలోనైనా రాత్రి అందరూ నిద్రించిన తరువాత ఎన్ని యంత్రాలు మేలుకొని ఉంటాయో లెక్కించి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఇంటర్నెట్టును అందించే రౌటరు, చేతిఫోనులు, టెలివిజను, పిల్లలు చదువుకునే ల్యాప్‌టాప్. ఇవన్నీ పైకి మౌనంగానే ఉంటాయి. కాని వాటిలో చాలావాటి లోపల ఒక దినచర్య వ్రాయబడుతూనే ఉంటుంది. ‘ఫలానా పరికరం కనబడింది’, ‘ఫలానా పరికరం జవాబు చెప్పలేదు’, ‘వేడి హద్దు మీరింది’ అంటూ యంత్రం తన అనుభవాలను తానే వ్రాసుకుంటుంది. ఈ దినచర్యనే ఆంగ్లంలో ‘లాగ్’ అంటారు.

ఈ మాట సముద్రం నుండి వచ్చింది. పూర్వం ఐరోపా నావికులు ఓడ వేగాన్ని తెలుసుకొనడానికి ముడులు వేసిన త్రాటికి ఒక కొయ్యముక్కను కట్టి నీటిలోకి విసిరేవారు. నిర్ణీత కాలంలో ఎన్ని ముడులు చేతిలో నుండి జారిపోయాయో లెక్కించి, ఆ సంఖ్యను ఒక పుస్తకంలో వ్రాసేవారు. కొయ్యముక్క పేరు పుస్తకానికీ, పుస్తకం పేరు క్రమంగా అన్ని రకాల దినచర్యలకూ సంక్రమించింది. ఓడ మునిగినా, దారి తప్పినా, జరిగినదేమో తెలుసుకొనడానికి ముందుగా వెదికేది ఆ పుస్తకాన్నే. కంప్యూటరు విషయంలోనూ అంతే. అది హఠాత్తుగా ఆగిపోయినప్పుడు మరమ్మతు చేసేవాడు మొదట చూసేది లాగ్‌నే. మరి అందులో ఏది వ్రాయాలి? ఏది వ్రాయకూడదు? వ్రాసినదానికి ఎంత ప్రాముఖ్యం ఇవ్వాలి? చిన్నవిగా కనిపించే ఈ ప్రశ్నలు నిజానికి చాలా పెద్దవి.

డ్రైవరు చేసే పని

కంప్యూటరులోని పనులన్నింటినీ సమన్వయపరిచే మూల కార్యక్రమాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. దాని గర్భంలో, గింజలో పప్పువలె ఉండే ప్రధాన భాగం పేరు కెర్నెల్. 1991లో ఫిన్‌లాండ్ దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ నేడు ఆండ్రాయిడ్ ఫోనులలోనూ, అనేక రౌటర్లలోనూ, పెద్ద సర్వర్లలోనూ పనిచేస్తున్నది. దాని మూలపాఠం ఎవరైనా చదువుకొనడానికి వీలుగా బహిరంగంగా ఉన్నది కాబట్టి ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ ప్రధానంగా దాని నుండే ఇవ్వబడుతున్నాయి.

కెర్నెల్‌కు బయటి పరికరాల భాష స్వతహాగా తెలియదు. ప్రింటరు భాష వేరు, కెమెరా భాష వేరు, ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారు భాష వేరు. పరికరానికీ కెర్నెల్‌కూ మధ్య నిలిచి దుబాసీ పని చేసే ఉపకార్యక్రమమే డివైస్ డ్రైవరు. పరికరానికి ఏ కష్టం వచ్చినా మొదట తెలిసేది డ్రైవరుకే. ఆ కష్టాన్ని లాగ్‌లో వ్రాసే బాధ్యత కూడా దానిదే. ఇందుకోసం కెర్నెల్‌లో అనేక ఫంక్షన్లు, అనగా సిద్ధంగా ఉన్న ఉపకరణాలు ఉన్నాయి. వాటిలో ఏ సందర్భానికి దేనిని ఎన్నుకోవాలన్నది డ్రైవరు వ్రాసే వ్యక్తి వివేకం మీద ఆధారపడి ఉంటుంది.

మిల్‌ఫర్డ్ హేవెన్ నేర్పిన పాఠం

ఈ వివేకం లోపిస్తే ఏమి జరుగుతుందో గ్రహించడానికి కంప్యూటరు ప్రపంచం నుండి ఒక్క క్షణం బయటకు వచ్చి చమురు శుద్ధి కర్మాగారాన్ని చూడాలి. మస్కట్‌లో మీనా అల్ ఫహల్ కర్మాగారాన్ని ఎరిగినవారికి గాని, విశాఖపట్నం కర్మాగారాన్ని ఎరిగినవారికి గాని కంట్రోలు రూము అంటే క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1994 జూలై 24న బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, మిల్‌ఫర్డ్ హేవెన్ అనే రేవు పట్టణం వద్దనున్న శుద్ధి కర్మాగారంలో పెద్ద ప్రేలుడు సంభవించింది. ఆనాటి ఉదయం ఉరుములతో కూడిన గాలివాన కారణంగా కర్మాగారం పనితీరు అస్తవ్యస్తమయింది. నిజానికి మూసుకొని ఉన్న ఒక వాల్వు తెరుచుకొని ఉన్నట్లుగా నియంత్రణ వ్యవస్థ చూపించింది. వెలుపలికి పోవలసిన ద్రవం పోక, ఒక పాత్రలో నిండిపోయి, చివరకు సుమారు 20 టన్నుల హైడ్రోకార్బనులు బయటపడి అంటుకున్నాయి. 26 మంది గాయపడ్డారు. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టమే.

ప్రమాదానికి ముందు యంత్రాలు మౌనంగా ఉన్నాయా అంటే, లేవు. అవి విపరీతంగా అరిచాయి. ప్రేలుడుకు ముందు చివరి 11 నిమిషాలలో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 హెచ్చరికలు వచ్చిపడ్డాయి. అనగా దాదాపు రెండున్నర సెకండ్లకు ఒకటి. వాటిని చదివి, అర్థం చేసుకొని, తగిన చర్య తీసుకొనడం మానవ మాత్రునికి సాధ్యం కాదు. బ్రిటన్ ఆరోగ్య భద్రతా శాఖ దర్యాప్తులో మరొక సంగతి కూడా వెల్లడయింది. ఆ వ్యవస్థలోని 2,040 హెచ్చరికలలో 87 శాతం ‘అతి ముఖ్యం’ అనే తరగతిలోనే ఉన్నాయి. వాటిలో చాలావరకు కేవలం సమాచారం కొరకు ఉన్నవే. అన్నీ ముఖ్యమైనప్పుడు ఏదీ ముఖ్యం కాదు.

మన పిల్లలకు చెప్పే ‘నాన్నా పులి’ కథలోని నీతి కూడా ఇదే. అయితే ఆ కథలోని బాలుడు ఆకతాయితనంతో అబద్ధమాడాడు. కర్మాగారంలోని హెచ్చరికలు అబద్ధాలు కావు. ప్రతి ఒక్కటీ విడిగా చూస్తే నిజమే. నిజాలే అయినా తరతమ భేదం లేకుండా గుంపుగా వచ్చి అసలు నిజాన్ని కప్పివేశాయి. డ్రైవరు వ్రాసేవారు గుర్తుంచుకొనవలసినది దీనినే.

ఎనిమిది మెట్లు

తరతమ భేదం చూపడానికి లినక్స్ కెర్నెల్ ఎనిమిది మెట్లను ఏర్పరచింది. 1980వ దశకంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో ఎరిక్ ఆల్మన్ రూపొందించిన ‘సిస్‌లాగ్’ పద్ధతి నుండి ఈ మెట్లు వచ్చాయి. 0 అంటే వ్యవస్థ ఇక పనికిరాని అత్యవసర స్థితి. 1 తక్షణ చర్య అవసరమైన స్థితి. 2 విషమ స్థితి. 3 లోపం. 4 హెచ్చరిక. 5 సాధారణమే గాని గమనింపదగినది. 6 కేవలం సమాచారం. 7 కార్యక్రమం వ్రాసేవారి శోధనకు ఉపయోగపడే వివరం, అనగా డీబగ్.

ఆంధ్ర తీరవాసులకు ఈ ఏర్పాటు అపరిచితం కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పుడల్లా కళింగపట్నం, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికల సంఖ్యలను రేడియోలో వినని తెలుగువారు అరుదు. ఒకటవ నంబరు సూచిక దూరాన ఉన్న అలజడికి, పదవ నంబరు మహా ప్రమాదానికి, పదకొండవ నంబరు వార్తా సంబంధాలు తెగిపోయినందుకు గుర్తులు. ప్రతి చిరుగాలికీ పదవ నంబరు ఎగురవేస్తే జాలరులు దానిని లెక్కచేయడం మానివేస్తారు. నిజమైన తుపాను నాడు కూడా పడవలు సముద్రంలోకి పోతాయి. ఒక్క భేదం మాత్రం మరువరాదు. రేవులలో పదవ నంబరు వరకు సంఖ్య పెరిగిన కొలదీ ప్రమాదం పెరుగుతుంది. కెర్నెల్‌లో సంఖ్య తగ్గిన కొలదీ ప్రమాదం పెరుగుతుంది.

ఒక చిన్న పరికరానికి సంబంధించిన డ్రైవరుకు 0, 1, 2 మెట్లతో సాధారణంగా పని ఉండదు. ఒక సెన్సారు పాడైనంత మాత్రాన కంప్యూటరు మొత్తం పనికిరానిది కాదు గదా! డ్రైవరు నిత్యం వాడవలసినవి లోపం, హెచ్చరిక, సమాచారం, శోధన అనే నాలుగు మెట్లే. మెట్టును ఎన్నుకొనడానికి ఒక సులభమైన ప్రశ్న ఉన్నది: ‘దీనిని చదివిన వ్యక్తి ఏమి చేయాలి?’ అడిగిన పని జరగలేదు, ఎవరో ఒకరు చూడవలసినదే అయితే అది లోపం. పని జరిగింది గాని పూర్తిగా సవ్యంగా జరగలేదు, త్వరలో చూడడం మంచిది అయితే అది హెచ్చరిక. చేయవలసినది ఏమీ లేదు, తెలిస్తే చాలు అయితే అది సమాచారం. డ్రైవరు వ్రాసినవారికి తప్ప ఇతరులకు అర్థం కానిది అయితే అది శోధన.

చిరునామా లేని ఉత్తరం

ఒమాన్‌లో ఉత్తరాలు పోస్టు బాక్సు నంబరు ఆధారంగా అందుతాయని ఇక్కడ నివసించేవారికి తెలుసు. కవరు మీద ‘హమ్రియా, 131’ అని మాత్రమే వ్రాసి బాక్సు నంబరు వ్రాయకపోతే ఆ ఉత్తరం పేట దాకా వస్తుంది గాని మనిషికి చేరదు. లాగ్‌లో వాక్యం కూడా అటువంటిదే. ‘చదవడం విఫలమయింది’ అని మాత్రమే వ్రాస్తే, ఏ పరికరం నుండి చదవడం?

కెర్నెల్‌లో అన్నింటికంటె పాతది ‘ప్రింట్‌కే’ అనే ఫంక్షను. దాని పైన మెట్లవారీగా ‘పీఆర్_ఎర్’, ‘పీఆర్_వార్న్’, ‘పీఆర్_ఇన్ఫో’ వంటి సులభ రూపాలు ఏర్పడ్డాయి. వీటికి మెట్టు తెలుసు గాని పరికరం తెలియదు. ఒకే యంత్రానికి ఒకే రకమైన సెన్సార్లు నాలుగు తగిలించి ఉంటే, నాలుగింటిలో ఏది చెడిందో ఇవి చెప్పలేవు. అందువలన డ్రైవర్ల కొరకు ‘డెవ్_ఎర్’, ‘డెవ్_వార్న్’, ‘డెవ్_ఇన్ఫో’, ‘డెవ్_డీబీజీ’ అనే వేరొక కుటుంబం ఉన్నది. వీటికి సందేశంతోపాటు పరికరాన్ని కూడా అప్పగించాలి. అప్పుడు డ్రైవరు పేరు, పరికరం పేరు ప్రతి వాక్యానికి ముందు వాటంతట అవే చేరుతాయి. నెట్‌వర్కు పరికరాలకు ‘నెట్‌డెవ్_ఎర్’ వంటి ప్రత్యేక రూపాలు కూడా ఉన్నాయి. డ్రైవరు చేతిలో పరికరం ఉన్నంతవరకు ‘డెవ్’ కుటుంబాన్నే వాడాలని కెర్నెల్ రచనా నియమావళి స్పష్టంగా చెబుతున్నది. ఏ పరికరానికీ సంబంధించని సందర్భాలలో మాత్రమే ‘పీఆర్’ కుటుంబం తగినది.

మాటకు అయ్యే ఖర్చు

యంత్రం మాట్లాడడం ఉచితం కాదు. మొదటి ఖర్చు స్థలం. కెర్నెల్ తన సందేశాలను ముందుగా ఒక వలయాకారపు స్మృతిలో ఉంచుతుంది. మూలపాఠంలో దీనికి ముందుగా నిర్ణయించిన పరిమాణం 128 కిలోబైట్లు మాత్రమే. పిల్లవాని పలక నిండిన తరువాత పాత అక్షరాలను తుడిచి క్రొత్తవి వ్రాసినట్లే, ఇది నిండగానే పాత సందేశాలు చెరిగిపోతాయి. వాక్యానికి నూరు అక్షరాలనుకుంటే వెయ్యికి కొంచెం పైగా వాక్యాలు పడతాయి. ఒక వదరుబోతు డ్రైవరు సెకండుకు వంద వాక్యాలు వ్రాస్తే పావు నిమిషంలోపే పలక మొత్తం దానితో నిండిపోతుంది. అంతకు ముందు డిస్కు చెప్పిన అసలు లోపం చెరిగిపోతుంది.

రెండవ ఖర్చు కాలం. కర్మాగారాలలోని యంత్రాలకు ఇప్పటికీ సీరియల్ తీగ ద్వారా సందేశాలు బయటకు పంపే ఏర్పాటు ఉంటుంది. సెకండుకు 1,15,200 బిట్ల వేగంతో పోయే తీగలో ఒక్కొక్క అక్షరానికి 10 బిట్లు ఖర్చవుతాయి. అనగా సెకండుకు 11,520 అక్షరాలు. 80 అక్షరాల వాక్యం బయటకు పోవడానికి సుమారు 7 మిల్లీసెకండ్లు పడుతుంది. మనిషికి ఇది లెక్కలోనిది కాదు. సెకండుకు వందలకోట్ల అంచెలు నడిచే ప్రాసెసరుకు ఇది ఒక యుగం. నిర్ణీత క్షణంలో పని జరిగి తీరవలసిన యంత్రాల కొరకు లినక్స్‌ను తీర్చిదిద్దే కృషి దాదాపు 20 సంవత్సరాలు సాగింది. 2024 నవంబరులో వెలువడిన 6.12వ ప్రతిలో గాని అది ప్రధాన కెర్నెల్‌లో పూర్తిగా చేరలేదు. చివరి వరకు అడ్డుగా నిలిచిన పెద్ద సమస్య మరేదో కాదు, ఈ సందేశాలు వ్రాసే ‘ప్రింట్‌కే’ యే!

అందుచేత పదే పదే జరిగే సంఘటనలకు ‘రేట్‌లిమిటెడ్’ అనే రూపాలను వాడాలి. ఇవి సామాన్యంగా 5 సెకండ్లకు 10 సందేశాలకు మించి పోనివ్వవు. ఆపివేసిన వాటి సంఖ్యను మాత్రం చెబుతాయి. ఒక్కసారి చెబితే చాలుననుకున్న వాటికి ‘వన్స్’ అనే రూపాలు ఉన్నాయి. శోధన సందేశాలు మామూలుగా నిద్రలో ఉంటాయి. ‘డైనమిక్ డీబగ్’ అనే ఏర్పాటు ఉన్న కెర్నెల్‌లో అవసరమైన డ్రైవరుకు సంబంధించినవి మాత్రమే, యంత్రాన్ని ఆపకుండానే, మేల్కొల్పవచ్చును.

ఒక సెన్సారు కథ

ఇంతవరకు చెప్పినదంతా ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. ప్రయోగశాలలో ఒక పాత్రలోని ద్రవం ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారు ఉన్నదనుకుందాం. దాని డ్రైవరు ఎదుర్కొనే సందర్భాలను వరుసగా చూద్దాం.

సెన్సారు దొరికింది, అంతా సవ్యంగా ఉన్నది. అప్పుడు ఏమి వ్రాయాలి? ఏమీ వ్రాయనక్కరలేదు. సవ్యంగా పనిచేసే డ్రైవరు మౌనంగా ఉండాలన్నది కెర్నెల్ పెద్దలు తరచుగా చెప్పే మాట. ‘నేను వచ్చాను’ అని ప్రతి డ్రైవరూ చాటింపు వేస్తే ఆ సంతలో ఎవరి మాటా వినబడదు.

సెన్సారుకు విద్యుత్తును అందించే భాగం ఇంకా సిద్ధం కాలేదు. ఇది లోపం కాదు, ఆలస్యం మాత్రమే. కెర్నెల్ కొంతసేపటి తరువాత మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇక్కడ ‘డెవ్_ఎర్’ వాడితే ప్రతి ప్రయత్నానికీ ఒక తప్పుడు ఫిర్యాదు నమోదవుతుంది. 2020లో చేర్చబడిన ‘డెవ్_ఎర్_ప్రోబ్’ అనే ఫంక్షను ఈ భేదాన్ని తానే గుర్తిస్తుంది. కేవలం ఆలస్యమైతే శోధన మెట్టులోనూ, నిజమైన లోపమైతే లోపం మెట్టులోనూ వ్రాస్తుంది.

ఒకసారి చదవబోతే జవాబు రాలేదు, రెండవసారి వచ్చింది. వినియోగదారునికి నష్టం లేదు. ‘డెవ్_డీబీజీ’ చాలు. అయితే జవాబు రాక క్రమంగా వేగం తగ్గించుకొని పనిచేయవలసి వస్తే తీగ వదులైనదేమో ఎవరైనా చూడాలి. అది ‘డెవ్_వార్న్’. ఎన్నిసార్లు అడిగినా జవాబు రాలేదు. అది ‘డెవ్_ఎర్’, అదికూడా రేట్‌లిమిటెడ్ రూపంలో. లాగ్‌లో వ్రాసినంత మాత్రాన బాధ్యత తీరదు. పై కార్యక్రమానికి లోపపు సంఖ్యను తిరిగి పంపి తీరాలి. లాగ్ మనుషుల కొరకు, లోపపు సంఖ్య యంత్రాల కొరకు. సెన్సారు మూగబోయిన తరువాత కూడా పాత ఉష్ణోగ్రతనే క్రొత్తదిగా పైకి పంపే డ్రైవరు మిల్‌ఫర్డ్ హేవెన్ వాల్వు వంటిదే.

వినియోగదారుడు అర్థం లేని విలువను పంపాడు. అప్పుడు లోపపు సంఖ్యను తిరిగి పంపి ఊరుకోవాలి. ప్రతి తప్పునూ లాగ్‌లో వ్రాస్తే, ఎవడో ఒక దుర్బుద్ధి కావాలని తప్పులు పంపి పలకను నింపివేయగలడు. స్మృతి చాలనప్పుడు కూడా డ్రైవరు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సంగతి కెర్నెల్ తానే వ్రాస్తుంది.

ఎన్నటికీ జరగకూడనిది జరిగింది. అనగా పరికరంలో కాక, డ్రైవరు తర్కంలోనే తప్పు ఉన్నది. దీనికి ‘వార్న్_ఆన్_వన్స్’ ఉన్నది. ఇది దారి మొత్తాన్ని జాబితాగా వ్రాస్తుంది. కాని దీనిని తేలికగా వాడరాదు. ఇటువంటి సందేశం వచ్చిన వెంటనే కంప్యూటరును ఆపివేసే విధంగా అమర్చుకున్న సంస్థలు ఉన్నాయి. మొత్తం యంత్రాన్ని అక్కడికక్కడే కుప్పకూల్చే ‘బగ్_ఆన్’ ను క్రొత్త డ్రైవర్లలో వాడవద్దని కెర్నెల్ పత్రాలు వారిస్తున్నాయి. ఒక థర్మామీటరు కొరకు ప్రయోగశాలను తగులబెట్టుకొనరాదు.

ఇంటి గుట్టు

లాగ్ అనేది అనేకమంది చదివే పుస్తకం. మరమ్మతు కొరకు దానిని యథాతథంగా పరదేశాలలో ఉన్న నిపుణులకు పంపడం కూడా సర్వసాధారణం. కాబట్టి సంకేతపదాలు, రహస్య తాళాలు, రోగుల వివరాలు వంటివి ఏ మెట్టులోనూ వ్రాయరాదు. శోధన మెట్టులో వ్రాస్తే ఎవరూ చూడరులే అనుకొనడం కూడా పొరపాటే. ఒకనాడు ఎవరో దానిని మేల్కొల్పుతారు. కెర్నెల్ స్మృతిలోని చిరునామాలు సైతం దొంగలకు దారిచూపే గుర్తులే. అందుకే 2018 జనవరిలో వెలువడిన 4.15వ ప్రతి నుండి లినక్స్ మామూలు పద్ధతిలో వ్రాసే చిరునామాలను మారురూపంలో మాత్రమే చూపుతున్నది. ఆపిల్ సంస్థ 2016లో ప్రవేశపెట్టిన లాగ్ పద్ధతిలో, పని జరిగేటప్పుడు చేరే పదాలను వ్రాసినవారు ప్రత్యేకంగా అనుమతించితే తప్ప చూపరు. విండోస్‌లోనూ పాఠకులనుబట్టి మార్గాలు వేరు. ‘డీబీజీప్రింట్’ మాటలు శోధన చేసేవారికి, ‘ఈవెంట్ లాగ్’ లోని మాటలు యంత్రాన్ని నిర్వహించేవారికి. వ్యవస్థలు వేరైనా సూత్రం ఒక్కటే.

చదివేవాని కొరకు వ్రాయడం

విదేశాలలో పెరుగుతున్న మన పిల్లలలో ఎందరో నేడు పాఠశాలలోనే ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకుంటున్నారు. పని చేయించడం వారు త్వరగానే నేర్చుకుంటారు. పని చెడినప్పుడు ఏమి చెప్పాలో నేర్పించేవారు తక్కువ. వారికి నాలుగు ప్రశ్నలు నేర్పితే చాలును. ఏ పరికరం? ఎంత తీవ్రం? ఎన్నిసార్లు? ఎవరు చదువుతారు? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే ఏ ఫంక్షను వాడాలో దానంతట అదే తేలిపోతుంది.

రసాయన ప్రయోగశాలలో చేరిన విద్యార్థికి మొదట నేర్పేది ప్రయోగం చేయడం కాదు, నోటు పుస్తకం వ్రాయడం. ‘ఈ పుస్తకం నీ కొరకు కాదు, రేపు నీవు లేనప్పుడు దీనిని తెరిచే వ్యక్తి కొరకు’ అని గురువులు చెబుతారు. డ్రైవరు వ్రాసే లాగ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. దానిని వ్రాసినవాడు హైదరాబాదులో ఉండవచ్చు, చదివేవాడు అర్ధరాత్రి వేళ ఒమాన్ ఎడారిలోని ఒక పంపింగ్ కేంద్రంలో ఒంటరిగా నిలబడి ఉండవచ్చు. అతని ముందు వేయి వాక్యాలు ఉండకూడదు. ఏ పరికరం చెడిందో, ఎంత చెడిందో చెప్పే ఒక్క వాక్యం ఉండాలి.